మానవ సంచారము లేదు

మా కాలనీ పార్కును మునిసిపాలిటీ అమ్మకానికి పెట్టిందని అందరూ తిడతారు. నేనూ తిడతాను, అందరికంటే గట్టిగా తిడతాను. కానీ ఆ అమ్మకం తీర్మానంలో ఆధారంగా చూపించిన వాక్యం నాది. నా చేతిరాతలో ఉన్నది, నా బుర్రలోంచి పుట్టింది. అది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే రోత పుడుతుంది. మిగతా వాళ్ళ మీద పుట్టే రోత సంగతి సరేసరి, అది రోజూ ఉండేదే.

ఊరి పేరు రాయను. ఉదయగిరి పోయే బస్సూ ఆత్మకూరు పోయే బస్సూ రెండూ ఆగే ఊరు, అంతవరకు చాలు. నేను అక్కడ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇల్లు కాలనీలో చివరి వీధిలో. మా గేటు తీస్తే ఎదురుగా పార్కు గేటు. లేఅవుటు వేసిన రోజుల్లోనే పార్కుకని వదిలిన స్థలం అది. నాలుగు కానుగ చెట్లు, రెండు రాతి బెంచీలు, తుప్పు పట్టిన జారుడుబండ, చుట్టూ సిమెంటు బాట, బాట పొడుగునా నడుమెత్తు ఇనుప కంచె. పెద్ద గొప్పేం కాదు. వెనక సగం సర్కారు కంప, ఆ ముళ్ళతుమ్మ, పెరిగి ఉండేది. కానీ ఆ కంచె, ఆ బాట ఉన్నాయి కాబట్టే మా అన్న ఈ ఇంట్లో మనిషిగా బతికాడు.

మా అన్న నా కంటే ఏడేళ్ళు పెద్ద. ఉదయగిరిలో దుర్గం కొండ కింది వీధిలో చెక్క గరిటెలు, తెడ్లు చెక్కి బతికినవాడు. షుగరు జబ్బు కళ్ళకి ఎక్కింది. నెల్లూరు ఆస్పత్రుల చుట్టూ ఏడాది పాటు తిప్పాను, ఒక కన్నయినా నిలుస్తుందేమోనని. నిలవలేదు. వదిన కూడా పోయాక ఆయన్ని బస్సెక్కించి నా దగ్గరికి తెచ్చుకున్నాను. మొదటి నెలంతా వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. చెయ్యి పట్టుకుని కాస్త నడిపిస్తానంటే విదిలించుకునేవాడు. "నన్ను దూడని తోలినట్టు తోలబాక పాపా" అనేవాడు. నాకు అరవై దాటినా ఆయనకి నేను పాపనే.

ఒకరోజు పొద్దున్నే వంటింట్లోకి తడుముకుంటూ వచ్చి, నా పెళ్ళికి తను చెక్కి ఇచ్చిన పొడుగు తెడ్డు ఉండాదా అని అడిగాడు. ఉంది. సంగటి గెలకడం మానేశాక అటక మీద పడేశాను. దుమ్ము తుడిచి ఇచ్చాను. దాన్ని పట్టుకుని గేటు దాటి, వీధి దాటి, పార్కులోకి పోయి, తెడ్డు కొసని కంచె కమ్మీలకి ఆనించి నడిచాడు. టకటకటక మని చప్పుడు. మూల మలుపు దగ్గర రేకు బోర్డు కట్టి ఉండేది, అక్కడ చప్పుడు మారుతుంది. బెంచీ దగ్గర కంచె తెగి ఉంటుంది, అక్కడ చప్పుడు ఆగుతుంది. ఆగిన చోట కూర్చుంటాడు. మళ్ళీ లేచి నడుస్తాడు. నేను మొదటి పది రోజులు గేటు దగ్గర గుండె చేత పట్టుకుని నిలబడ్డాను. తర్వాత మానేశాను. లోపల కాఫీ కలుపుతూ చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నాడో తెలిసేది. వీధిలో వాళ్ళు కూడా ఆ చప్పుడుకి అలవాటు పడ్డారు. బాట మీద బండ్లు పెట్టడం వాళ్ళంతట వాళ్ళే మానుకున్నారు. ఆ ఒక్క విషయంలో మా వీధిని మెచ్చుకోవాలి, మళ్ళీ మెచ్చుకునే అవకాశం రాదు.

ఇక నా అర్జీల సంగతి చెప్పాలి.

మా వైపు అర్జీ అంటే ఉన్నది ఉన్నట్టు రాసే కాగితం కాదు. వీధి దీపం ఒకటి కావాలంటే, చీకట్లో ఇద్దరు ముసలివాళ్ళు పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నారని రాయాలి. కాలువలో పూడిక తియ్యాలంటే, ఇంటింటా జ్వరాలని రాయాలి. మూడు చెబితే ఆఫీసులో ఒకటిగా వింటారని అందరి లెక్క. చదివే గుమాస్తాకీ తెలుసు, రాసే మాకూ తెలుసు. ఇందులో నేను ఆరితేరినదాన్ని. "తమ దివ్య సముఖమునకు విన్నవించుకొను మనవి యేమనగా" అని మొదలు పెడితే వినేవాళ్ళు అప్పటికే సగం పడిపోయేవాళ్ళు. కాలనీలో ఎవరికి ఏ అవసరం వచ్చినా రెండు తెల్లకాగితాలు పట్టుకుని మా వరండా ఎక్కేవాళ్ళు. నాకూ అది నచ్చేది. రిటైరైన టీచరుకి ఇంకేం మిగులుతుంది, ఎవరైనా వచ్చి టీచరమ్మా అని పిలిస్తే ఉబ్బిపోవడం తప్ప.

రెండేళ్ళ కిందట వానలకి పార్కు వెనక కంప బాగా పెరిగింది. ఒక పాము ఎవరింటి దొడ్లోకో వచ్చింది. దీపాలు అంతకు ముందే పోయాయి. కంప కొట్టించి, దీపాలు వేయించమని అర్జీ రాయాలన్నారు. కాలనీ సంఘానికి అధ్యక్షుడు బజారులో హోల్‌సేల్ కొట్టున్నాయన. ఆయనే కాగితాలు తెచ్చాడు. నేను ఊపు మీద రాశాను. పాము ఒకటొస్తే "సర్పములు స్వేచ్ఛగా విహరించుచున్నవి" అని రాశాను. ఆ తర్వాత కాసేపు ఆలోచించి, "ఈ పార్కునందు మానవ సంచారము లేక ఏండ్లు గడిచినవి" అని రాశాను. చదివి వినిపిస్తే అందరూ ఆహా అన్నారు. కొట్టాయన ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాడు.

కుర్చీలోంచి మా అన్న నవ్వాడు. "ఏందే పాపా, పొద్దున్నే అరగంట తిరిగొచ్చినాను గదా. నేను మానవుణ్ణి కాదా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అర్జీ అన్నాక ఆ మాత్రం ఉండాలిలే అన్నా అని సర్ది చెప్పాను. నలభై మంది దాకా సంతకాలు పెట్టారు. మా అన్న చేతిలో కలం పెట్టి, వేలు పట్టి చోటు చూపించాను. ఆయన కూడా పెట్టాడు. తను రోజూ నడిచే చోట మనిషే నడవడం లేదని మా అన్న చేత సంతకం పెట్టించినదాన్ని నేను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

కంప కొట్టలేదు. దీపం వెయ్యలేదు. రెండేళ్ళు ఆఫీసులో ఎవరూ ఆ అర్జీ ఊసెత్తలేదు. మనం అడిగింది చెయ్యరు గానీ మనం రాసింది మాత్రం భద్రంగా దాచుకుంటారు. ఈ తెలివి నాకు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో రాలేదు.

ఈ ఏడు ఎండలు ముదిరాక ఒకరోజు ఇద్దరు మనుషులు వచ్చి పార్కు గేటు మీద ఉన్న పాత బోర్డు ఊడదీశారు. దాని బదులు "ఇది మునిసిపాలిటీకి చెందిన ఖాళీ స్థలము" అని కొత్తది బిగించారు. పార్కు అన్న మాట ఎగిరిపోయింది. వారం తిరక్కుండా పేపర్లో ప్రకటన వచ్చింది, నిరుపయోగంగా ఉన్న స్థలాన్ని బహిరంగ వేలం వేస్తారని, అభ్యంతరాలుంటే ఫలానా రోజు ఆఫీసుకి వచ్చి చెప్పుకోవచ్చని. మా అన్నకి చదివి వినిపించాను. కంచె కూడా అమ్మతారా అని అడిగాడు.

కాలనీ కాలనీ అంతా భగ్గుమంది. అంటే, రెండు రోజులు. గేటు ముందు షామియానా వేశారు. వచ్చారు, కూర్చున్నారు, ఫోటో దిగారు, ఫోన్లు చూసుకున్నారు, టిఫిన్లు రాగానే లేచారు. మా వార్డు కౌన్సిలర్ వచ్చి మైకు పట్టుకుని, నా శవం మీదుగా ఈ స్థలం అమ్మాలి అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కౌన్సిల్లో ఆ అమ్మకం తీర్మానానికి చెయ్యెత్తిన వాళ్ళలో ఆయన కూడా ఉన్నాడని తర్వాత తెలిసింది. థూ, ఆ చప్పట్లు కొట్టిన చేతులు ఎన్నిసార్లు కడుక్కుంటే పోతాయి?

కొట్టాయన ఇంకో రకం. షామియానాలో అందరికంటే ముందు వరసలో కూర్చునేవాడు. మూడో రోజు మా వరండాకి వచ్చి, గొంతు తగ్గించి, ఎట్టాగూ పోయే స్థలమే గదా టీచరమ్మా, బైటోళ్ళ పాలు కాకుండా మన కాలనీ వాళ్ళే కొనుక్కుంటే గౌరవంగా ఉంటాది గదా అన్నాడు. కొనే మన కాలనీ వాళ్ళు ఎవరని అడిగాను. నవ్వాడు. ఆ నవ్వుతో కొనేది ఎవరో తెలిసిపోయింది. లోపలినుంచి మా అన్న అంతా విన్నాడు. కొట్టాయన వెళ్ళిపోయాక, గడప కడుక్కోమన్నాడు. కడిగాను.

ఆత్మకూరులో ఒక లాయరు ఉన్నాడు, నా దగ్గర చదువుకున్నవాడు. లేఅవుటులో పార్కుకని వదిలిన స్థలం అమ్మడానికి వీల్లేదని కాగితం రాసిచ్చాడు. అది పట్టుకుని అభ్యంతరాల రోజు ఆఫీసుకి పోయాం. షామియానా కింద వందమంది ఉన్నవాళ్ళు అక్కడికి వచ్చేసరికి పదిమందిమి మిగిలాం. మా అన్న తెడ్డు పట్టుకుని వచ్చాడు. వద్దంటే వినలేదు.

కమిషనరు చిన్నవాడు, మర్యాదస్థుడు. మేడం కూర్చోండి అన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. లాయరు కాగితం చదివి పక్కన పెట్టాడు. ఫైలు తీశాడు. అందులో పార్కు ఫోటోలు ఉన్నాయి, ఒక్క పురుగు లేకుండా. నీడలు చూస్తే తెలిసిపోతోంది, నడివేసవిలో మిట్టమధ్యాహ్నం తీసినవి. మా వైపు ఆ ఎండకి కుక్క కూడా గుమ్మం దాటదు. ఆ మాట చెప్పాను. అవునవును అంటూ తలూపి, ఫోటోల కింది కాగితం బయటికి తీశాడు. దూరం నుంచే గుర్తు పట్టాను. నా రాత.

"చేతిరాత చాలా బాగుంది మేడం. మీదేనా?" అన్నాడు.

నాదేనన్నాను. ఇంకేమంటాను. ఆయన గొంతు సవరించుకుని అందరికీ వినపడేట్టు చదివాడు. "దివ్య సముఖమునకు" దగ్గర, ఆయన పక్కన కూర్చున్న మునిసిపల్ ఇంజనీరు మూతి మూసుకుని నవ్వాడు. సర్పములు స్వేచ్ఛగా విహరించుచున్నవి దగ్గర పైకే నవ్వాడు. మానవ సంచారము దగ్గర కమిషనరు ఆగి, తీర్మానం కాగితం తీసి, స్థానికులే వ్రాతపూర్వకముగా మానవ సంచారము లేక ఏండ్లు గడిచినవని తెలియజేసియున్నందున ఈ స్థలము నిరుపయోగమని తీర్మానించడమైనది, అని చదివాడు. నా వాక్యాన్ని ఒక్క అక్షరం పొల్లు పోకుండా ఎత్తి పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళలో నా పాఠం ఇంత శ్రద్ధగా ఏ పిల్లవాడూ అప్పజెప్పలేదు.

అది అర్జీ భాషండీ, కంప కొట్టించమని రాసింది, అమ్ముకోమని కాదు అన్నాను. అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా మేడం అని అడిగాడు, మర్యాదగానే. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. అప్పుడు రాసిందే అబద్ధం అన్నాను, పదిమంది ముందర.

మా అన్న లేచి నిలబడ్డాడు. "అయ్యా, నేను తిరగతాను ఆడ. రోజూ పొద్దున్న, సాయంత్రం. నాకు కళ్ళు లేవు. ఆ కంచె ఉంటేనే తిరగతాను" అన్నాడు. అంతే. కూర్చున్నాడు.

అప్పుడు గోడవారగా కూర్చున్న కౌన్సిలర్, మా షామియానాలో శవం మాట చెప్పినాయనే, ఒక్క పెద్దాయన తిరగడానికి అంత స్థలం దేనికి, వాళ్ళ వరండాలో తిరిగినా చాలదా అన్నాడు. కమిషనరు అర్జీ వెనక్కి తిప్పి సంతకాలు చూసి, ఈయన సంతకం కూడా ఉందే ఇందులో అన్నాడు. మా అన్న తల వంచుకున్నాడు. తెడ్డు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఆయన తల వంచుకోవడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు, కళ్ళు పోయిన రోజున కూడా. వాళ్ళ మీద పుట్టిన అసహ్యం ఒక ఎత్తు. ఆ కలం ఆయన చేతిలో పెట్టిన నా వేళ్ళ మీద పుట్టిన అసహ్యం ఇంకో ఎత్తు.

లాయరు కాగితం వల్లనో, కోర్టుకు పోతారన్న భయం వల్లనో, వేలం వాయిదా వేశారు. రద్దు కాదు, వాయిదా. మా కాలనీ ఆ రెండు మాటలకి తేడా చూడలేదు. మిఠాయిలు పంచారు. కొట్టాయన బజారులో పెద్ద ఫ్లెక్సీ కట్టించుకున్నాడు, నిలువెత్తు ఫోటో, చేతులు జోడించి, పార్కు రక్షకుడు అని. ఆ రాసిన దాంట్లో కూడా ఒక ఒత్తు తప్పు. దిద్దాలనిపించలేదు.

పది రోజులకి మునిసిపాలిటీ నుంచి స్థలం కొలతల వాళ్ళు వచ్చారు. కొలతలకి కంచె అడ్డం వస్తోందని, ఊడదీసి ట్రాక్టరులో వేసుకుని పోయారు. పని అయిపోగానే తెచ్చి పెడతామన్నారు. నేను అప్పుడు బ్యాంకులో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి కమ్మీలు పాతిన గుంతలు మాత్రం ఉన్నాయి. వీధిలో వాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. వేలం ఆగిందిగా, కంచె ఏముందిలే అన్నారు. మా అన్నకి చెబుదామని లోపలికి పోయాను. పడుకుని ఉన్నాడు. లేచాక చెబుదామని గిన్నెలు తోముతూ ఉండిపోయాను. ఎట్లా చెప్పాలో తేల్చుకునే లోపల ఆయన లేచి, తెడ్డు తీసుకుని, గేటు దాటి పోయాడు.

నేను చెయ్యి తుడుచుకోకుండానే పరిగెత్తాను. పార్కు గేటు దాటి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, తెడ్డు చాపాడు. తగల్లేదు. ఇంకొంచెం చాపాడు. ఒక అడుగు పక్కకి వేసి అటూ ఇటూ ఊపాడు. నేను దారి తప్పినానా పాపా అని అడిగాడు, వెనక నేనున్నానని ఎట్లా తెలిసిందో. లేదన్నా, కంచె తీసుకుపోయినారు అన్నాను. కాలు ఒక గుంతలోకి జారబోయింది. పట్టుకున్నాను. ఆ ఒక్కసారి చెయ్యి విదిలించుకోలేదు. ఇంటిదాకా పట్టుకోనిచ్చాడు.

అదీ జరిగింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ వరండా కుర్చీలోకి పోయాడు. కంప ఇప్పుడు బాట మీదికి వచ్చింది. కంచె మునిసిపల్ స్టోర్లో ఉందంటారు, కొందరేమో పాత ఇనుము కింద పోయిందంటారు. మూడుసార్లు పోయి అడిగాను. రాతపూర్వకంగా ఇవ్వమన్నారు.

ఇచ్చాను. ఈసారి దివ్య సముఖాలు లేవు, సర్పాలు లేవు. అయ్యా, పార్కు కంచె మీ మనుషులు తీసుకుపోయారు, మా అన్న దాన్ని పట్టుకుని నడిచేవాడు, తిరిగి పెట్టించండి అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. గుమాస్తా చదివి పెదవి విరిచాడు. మేడం, ఇంత చప్పగా రాస్తే పైన ఎవురు చదవతారు, మీరు ముందర రాసినారే, అట్టాంటిది ఒకటి రాసి తీసుకురాండి అన్నాడు. కాగితం నా చేతికే ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి మా అన్నకి చెప్పాను. తెడ్డు గోడకి ఆనించి ఉంది. ఆయన పార్కు వైపు మొహం తిప్పి కూర్చున్నాడు, అక్కణ్ణించి ఏ చప్పుడూ రావడం లేదు.

"అదే మాట రాయి పాపా, మానవ సంచారం లేదని" అన్నాడు. "ఇప్పుడు అబద్ధం కాదు గదా."

ఒక తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. ఈ పార్కునందు మానవ సంచారము లేదు అని రాశాను. కింద నేను సంతకం చేసి, ఆయన వేలు పట్టి చోటు చూపించాను.